సైడివ్వని సైకిలు

కోడూరు దాటాక అక్షయ సైకిలాపి ఫోను తీసింది.

కట్ట కింద రేకుల ఇల్లు. నీలం తలుపు. చూరు దాకా ఎగబాకిన బీరపాదు. వెనక కనుచూపు మేరా వరిచేలు.

సరిగ్గా ఫోటో తీసే వేళకి ఎవరో అడ్డం వచ్చారు. అరవై దాటిన మనిషి. ఎగగట్టిన లుంగీ, క్యారియరుకి రెండు వైపులా ఖాళీ చేపల బుట్టలు. సైకిలు దిగుతూ దిగుతూ ఫోటోలో పడిపోయాడు.

"ఛ!" అనుకుంది. మళ్ళీ తీసే టైము లేదు.

పొద్దు గుంకేలోగా సముద్రం చేరాలి. చేరితేనే వచ్చే నెల క్లబ్బు వాళ్ళంతా సైకిళ్ళేసుకుని ఈ దారికొస్తారు. లేకపోతే అరకు.

"మన డెల్టాలో ఏముందండీ, చేలూ కాలవలూ తప్ప?" అన్నాడు క్లబ్బు నడిపే హేమసుందర్.

మనవాళ్ళకెప్పుడూ పొరుగింటి పుల్లకూరే రుచి.

"బెంజ్ సర్కిల్ నుంచి హంసలదీవి దాకా ఒక్క రోజులో, ఒక్కదాన్నే తొక్కి చూపిస్తా. అప్పుడు మాట్లాడండి" అని వచ్చేసింది అక్షయ.

తీరా బయల్దేరాక చూడ్డానికి ఆమెకే రెండు కళ్ళూ చాల్లేదు. పామర్రు దాకా పక్కనే తోడొచ్చిన కాలవ. చల్లపల్లి దాటాక చేలోంచి ఒక్కసారిగా లేచిన కొంగల గుంపు. పుట్టి పెరిగిన నేల ఇంత పెద్దదని, ఇంత పచ్చనిదని ఇన్నేళ్ళకు తెలిసింది. ఆగి ఆగి చూసింది. ఆ ఆగడమే కొంప ముంచింది.

మధ్యాహ్నం తిరగ్గానే సముద్రపు గాలి ఎదురైంది.

ఇప్పుడు సైకిలెక్కీ ఎక్కగానే గాలి ఒక్క తోపు తోసింది. హ్యాండిల్ వంకర్లు పోయింది. కాలు కింద పెట్టి మళ్ళీ ఎక్కింది.

బుట్టల మనిషి ఆమె వంక చూశాడు. సముద్రం వైపు చూశాడు. దిగినవాడల్లా మళ్ళీ సైకిలెక్కి ఆమెకు ముందు పడ్డాడు.

"ఎందాకమ్మా?"

"హంసలదీవండీ."

"అయితే ఎనకాలే రా తల్లీ."

ఆడపిల్ల దాటిపోతుందని పౌరుషం కాబోలు!

దారి సన్నం. రెండు బుట్టలూ దారంతా ఆక్రమించాయి. నీచు వాసన.

"బాబాయిగారూ, కొంచెం సైడివ్వండి!"

ఆయన వెనక్కి తిరగలేదు.

బెల్లు కొట్టింది. అయినా తిరగలేదు. ఆమె నెమ్మదిస్తే ఆయనా నెమ్మదించాడు. ఆమె జోరు పెంచితే ఆయనా పెంచాడు.

పంతం కాకపోతే ఏంటిది?

ఒకచోట దారి కాస్త వెడల్పయింది. అక్షయ పళ్ళ బిగువున దాటేసింది.

"మీకు పోటీకి నేనే దొరికానా అండీ?" అని ఓ మాట కూడా విసిరింది.

మరుక్షణం గోడకి గుద్దుకున్నట్టయింది. కళ్ళల్లో ఇసుక. పెడలు కదల్లేదు. ఇక దిగిపోదామనుకుంది. అరకే గతి అనుకుంది.

బుట్టల సైకిలు పక్కనుంచి మళ్ళీ ముందుకొచ్చింది. ఆయన చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

ఇసుక దిబ్బలు కనబడగానే ఆయన పక్కకి తప్పుకున్నాడు.

"ఇక ఎల్లమ్మా."

"ఇప్పుడిచ్చాడు సైడు, మహానుభావుడు!" అనుకుంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సముద్రం!

దారి పొడుగునా తన పక్కన సాగిన నీళ్ళన్నీ అక్కడ కలిసిపోతున్నాయి. కృష్ణ ఎక్కడ అయిపోయిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఎవరికి పెడుతోందో తెలియకుండానే దండం పెట్టింది.

పొద్దింకా గుంకలేదు. క్లబ్బు గ్రూపులో మెసేజీ పెట్టింది. "చేరాను. ఒక్కదాన్నే."

హేమసుందర్ వెంటనే బదులిచ్చాడు. "ఒప్పుకున్నాం! వచ్చే నెల హంసలదీవే. అందరికీ ముందు నువ్వే ఉండాలి."

ఒడ్డున టీ కొట్టు కొండలమ్మది. టీ తాగుతూ అక్షయ ఆమెకి ఫోటో చూపించింది.

"ఇదిగో, ఈయనేనండీ. దారంతా సైడివ్వకుండా చంపేశాడు."

కొండలమ్మ ఫోను దగ్గరగా పట్టుకుని చూసింది.

"పెద్దబ్బాయంటారు ఈయన్ని, మా ఆయనతో చేపలమ్మేవోడు! ఈయన సైడిచ్చుంటే నువ్వీ పూటకి ఇక్కడికి రావు తల్లీ."

"అదేంటండీ?"

"చేపలమ్ముకుని ఇళ్ళకొచ్చేటప్పుడు మావోళ్ళకి రోజూ ఈ గాలే ఎదురు. గట్టోడు ముందుండి గాలికి అడ్డం కాస్తాడు. మిగతావోళ్ళు ఆ బుట్టల చాటున వస్తారు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ పెద్దబ్బాయి చాటునే ఇల్లు చేరాడు. ఇప్పుడందరికీ మోటారు బళ్ళొచ్చేశాయి. ఆయన ఎనకాల ఎవరూ లేరు."

అక్షయ చేతిలో టీ చల్లారిపోయింది.

క్లబ్బులో దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. దాని గురించి ఎన్ని వీడియోలు చూసిందో! చేపల బుట్టల వెనక మాత్రం తట్టలేదు.

ఆ వయసులో, ఆ గాలికి, ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం!

గబగబా రోడ్డు మీదకొచ్చి చూసింది. ఎవరూ లేరు. ఫోను తీసి మెసేజీలో "ఒక్కదాన్నే" అన్న మాట చెరిపేసింది.

"ఆయన ఇల్లిక్కడ ఎక్కడండీ? వెళ్ళి ఒక్కసారి దండం పెట్టి వస్తాను."

"ఇక్కడెందుకుంటాదమ్మా?" అంటూ కొండలమ్మ ఫోటోలోని నీలం తలుపు మీద వేలు పెట్టింది. "ఇదే ఆయన ఇల్లు. గుమ్మం ముందు దిగినోడు, నిన్ను చూసి మళ్ళీ సైకిలెక్కాడు."