పచ్చబడని వాక్యం

హలో, వినపడుతోందా అందరికీ? బ్రస్సెల్స్‌లో ఇవాళ కూడా వానే. ఓ చిన్న కథ చెబుతాను. నచ్చితే మీవాళ్ళెవరికైనా పంపండి. ఆ మాట ముందే అనేస్తున్నాను, చివర్లో అడ్డం రాను.

"ఈ ఒక్క వాక్యం తేలితే మీ దేశం యూనియన్ నుంచి బయటపడ్డట్టే క్లైవ్ గారూ," అంది హిల్డె బల్లకు అవతల నుంచి. "మీరేమో కదిలేలా లేరు!"

"మా పడవలవాళ్ళ పొట్టకూడండీ. చూసుకోవద్దా?" అన్నాడు క్లైవ్.

రెండేళ్ళుగా బ్రిటన్ తరఫున అతను, యూరోపియన్ యూనియన్ తరఫున ఆమె ఇదే గదిలో బేరాలాడుతున్నారు. ఇద్దరూ ఒప్పుకున్న వాక్యానికి ఆకుపచ్చ రంగు వేస్తారు. ఒప్పుకోనిది తెల్లగా ఉంటుంది. ఒప్పందం అంతా పచ్చబడింది. హెర్రింగ్ చేపల వలకు కన్ను ఎంత వెడల్పు ఉండాలన్నది ఒక్కటే తెల్లగా మిగిలింది. బ్రిటన్ ఒక కొలత అంటుంది, యూనియన్ ఇంకొకటి అంటుంది.

నిజానికి క్లైవే సాగదీస్తున్నాడు. భార్య పోయాక లండన్‌లో అతని కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. ఇక్కడి అద్దె గదిలో రేడియో తప్ప మనిషి గొంతు వినపడదు. గురువారం గురువారం హిల్డెతో పోట్లాటలు, అవే అతనికున్న కబుర్లు. ఆ వాక్యం పచ్చబడితే మర్నాడే రైలెక్కాలి.

"వాదించింది చాలు, తినండి," హిల్డె శాండ్‌విచ్‌ల పళ్ళెం ఇటు తోసింది. "లేకపోతే మా ఒట్టావియో ఊడ్చేస్తాడు."

"ఈ హెర్రింగ్ గొడవలో నాకు ఆకలి కూడా చచ్చింది మేడమ్," అన్నాడు ఆమె పక్కనున్న లాయరు ఒట్టావియో.

అంతలో క్లైవ్ ఫోన్ మోగింది. లండన్ నుంచి పై అధికారి.

"వాళ్ళ కొలతకే ఒప్పేసుకోవయ్యా! నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి పంపుతాను."

క్లైవ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి వానను కాసేపు చూశాడు.

"సరే హిల్డె గారూ. మీరన్న కొలతే. మాకు సమ్మతం."

లేచి, సెలవు తీసుకోవడానికి చెయ్యి చాచాడు.

హిల్డె ఆ చెయ్యి అందుకోలేదు. మొహం గంటు పెట్టుకుంది.

"ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానం రాదూ? మా దేశాలన్నిటినీ మళ్ళీ అడగాలి. ఎవరేమంటారో! వచ్చే గురువారం రండి."

"అబ్బ, ఎంత మొండివారండీ!"

పైకి విసుక్కున్నాడు గానీ, మెట్లు దిగుతుంటే క్లైవ్‌కి ఈల వేయాలనిపించింది. ఇంకో గురువారం దొరికింది, అదీ తన తప్పేమీ లేకుండా.

తలుపు మూసుకున్నాక ఒట్టావియో అయోమయంగా హిల్డె వైపు తిరిగాడు.

"మేడమ్, మన దేశాలన్నీ బ్రిటన్ కొలతకే పోయిన చలికాలం ఒప్పుకున్నాయి కదా? ఆయనకు చెప్పలేదేం?"