మడత తప్పిన తమ్ముడు

చొక్కాకి రెండూ ఎడమ చేతులే ఉన్నాయి.

"ఇదేం కుట్టురా? వేసుకునేవాడు కుడిచెయ్యి ఇంట్లో పెట్టి రావాలా?" దర్జీ మాస్టారు చొక్కాని తమ్ముడి మొహాన కొట్టాడు.

తమ్ముడు చొక్కాని చూశాడు. వదినని చూశాడు. "నేనే అన్నయ్యా. ఏదో పరధ్యానం."

మాస్టారి గుండె జారింది. కొలతలు తప్పితే కలతలు తప్పవు. అందులోనూ ఆ ఇంట్లో! తండ్రి పోతూ పోతూ కొడుకులిద్దరికీ కత్తెర, మిషను వదిలాడు. ఇంకొకటి కూడా వదిలి ఉండొచ్చని డాక్టరు అప్పుడే చెప్పాడు. మెదడులో ఏదో ప్రోటీను సరిగ్గా మడత పడదట. ముద్దలు కట్టి ముందు ఆలోచనని, తర్వాత కాళ్లూ చేతులని, చివరికి మనిషినే మింగేస్తుందట. జీవితమంతా గుడ్డలు మడతపెట్టిన తండ్రి అలా మడత తప్పే పోయాడు. అది పిల్లల్లో ఎవరికైనా రావచ్చట.

ఆ 'ఎవరికైనా' ఎవరికో ఇప్పుడు తేలిపోయింది. ఇస్త్రీపెట్టె మరిచిపోయి పెళ్లికొడుకు ప్యాంటుకి కిటికీ పెడితే, "నేనే" అన్నాడు తమ్ముడు. కత్తెర బియ్యం డబ్బాలో దొరికితే, "నేనే" అన్నాడు.

"ఈమధ్య మీకు కోపం ఎక్కువైందండీ," అంది భార్య.

ఎక్కువ కాదా మరి? ఆ కోపానికి చెయ్యి వణికి, టీ సగం లుంగీయే తాగింది.

"రేపు ఆస్పత్రికి పద," అన్నాడు తమ్ముడితో.

"నాకేం? గుండులా ఉన్నాను."

"గుండు కాదురా, గుండుసూదివి! తలకాయ ఉంది, లోపల ఏమీ లేదు." అనేసి నాలుక కరుచుకున్నాడు.

తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "వస్తా. కానీ ప్రతి పరీక్షా ముందు నువ్వు చేసి చూపించాలి. నాకు భయం."

"చిన్నప్పుడు ఈతకీ ఇంతేగా! నేను దూకితేగాని దూకేవాడివి కాదు."

ఆస్పత్రిలోనూ మాస్టారే ముందు దూకాడు. వేళ్లు టపటపా ఆడించాడు. గీత మీద నడిచాడు. గచ్చు నున్నగా ఉండబట్టి కాస్త తూలాడంతే. వందలోంచి ఏడేసి చొప్పున తీసేసుకుంటూ పొమ్మంటే తొంభై మూడు దగ్గర ఆగి, "తీసేయడం మా వృత్తి కాదండీ, కలిపి కుట్టడమే!" అన్నాడు.

డాక్టరు నవ్వలేదు.

"స్కానింగు కూడా ముందు మీకే తీస్తాం, రండి," అంది నర్సు.

"చూస్తున్నావుగా, ఏమీ నొప్పుండదు. భయపడకు నాన్నా." తమ్ముడి తల నిమిరి మాస్టారు లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

డాక్టరు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎలా ఒప్పించావయ్యా?"

"ఆయన చేసిన తప్పులన్నీ నావేనని ఒప్పుకుని, జబ్బు నాకేనని నమ్మించాను డాక్టరుగారూ."