మనవాళ్ళెవరు?

"మనవాళ్ళు గెలిచారా?"

ద్వారకానాథ్ మళ్ళీ అదే అడిగాడు. నీరజ చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"గెలుస్తారు నాన్నా. ముందు ఈ జావ తాగు."

"ఎవరు గెలుస్తారు?"

సరిగ్గా అక్కడికొచ్చి బండి ఆగిపోతోంది. ఎవరో ఆమెకు తెలియదు. ఆయన పెదవులు బిగించి గోడవైపు తిరిగిపోయాడు.

పొద్దున వచ్చిన నర్సు ఉన్నమాట చెప్పి వెళ్ళింది. ఇవాళ కూడా నోటితో ఏమీ తీసుకోకపోతే హాస్పిటల్లో చేర్చి, ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే. ఈ వయసులో, ఈ ఊపిరితిత్తులతో లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికొస్తాడని మాత్రం ఆవిడ అనలేదు.

నీరజ హాల్లోకి వచ్చి కూలబడింది. బయట సిడ్నీ శివారు రౌస్ హిల్ అంతా ఎండ ఫెళ్ళున కాస్తోంది. టీవీలో అమెరికా ఓట్ల లెక్కింపు. అక్కడింకా మంగళవారం రాత్రే. మ్యాపు మీద ఇక్కడ కాస్త ఎరుపు, అక్కడ కాస్త నీలం. ఏదీ తేలడంలేదు.

నలభై ఏళ్ళు న్యూజెర్సీలో బతికిన మనిషి ద్వారకానాథ్. ఏ పార్టీకి ఓటేస్తాడో కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. "ఓటూ, మొలలూ నలుగురికీ చూపించుకునేవి కావు" అనేవాడు. కూతురు సిడ్నీకి చదువుకోవడానికొచ్చి ఆనందబాబుని చేసుకున్నాక ఆ మాటలూ లేవు. బాపట్ల కుర్రాడు, ఆదివారం చర్చికి వెళ్ళేవాడు. ద్వారకానాథ్ పెళ్ళికి రాలేదు. ఫోనెత్తలేదు. భార్య పోయి, ఒళ్ళు పడిపోయి, చూసే దిక్కు లేకపోతే నీరజే వెళ్ళి తెచ్చుకుంది. వచ్చాక కూడా తండ్రీకూతుళ్ళ మధ్య మాత్రలు, మంచినీళ్ళు, దుప్పటి. అంతకుమించి ఎవరూ నోరు విప్పలేదు. ఇంతలో ఈ ఎన్నికలొచ్చి పడ్డాయి.

"మా తాతా ఇంతేనట," అంది భర్తతో. "ఊళ్ళో తన పార్టీ ఓడిననాడు కంచం తన్నేసి పడుకునేవాడట. నాన్నకీ వాళ్ళవాళ్ళు గెలిచారంటేనే మెతుకు దిగేట్టుంది. కానీ వాళ్ళవాళ్ళెవరు?"

"నేను పొద్దున చెప్పి చూశాగా, లిబరల్స్ గెలిచారు మామయ్యగారూ అని," అన్నాడు ఆనందబాబు.

"ఏమన్నారు?"

"ఏ లిబరల్స్, మీవాళ్ళా మావాళ్ళా అన్నారు. నేనిటు వచ్చేశాను."

నీరజ తల పట్టుకుంది. "ఇక్కడ లిబరల్స్ అంటే పన్నులు తగ్గించమనేవాళ్ళు ఆనంద్. అమెరికాలో లిబరల్ అంటే డెమొక్రాట్. మొత్తం రివర్స్."

"పోనీ, ఎరుపంటే ఇక్కడి లేబర్ లాగా కూలీనాలీ పార్టీయేగా?"

"అదీ రివర్సే. అక్కడ ఎరుపు రిపబ్లికన్లు, నీలం డెమొక్రాట్లు."

"ఓరి నాయనో! సముద్రం దాటితే చొక్కాలు కూడా మార్చుకుంటారా?"

సోఫాలోంచి వాళ్ళమ్మాయి ఎల్సా తలెత్తింది. "జస్ట్ ఆస్క్ హిమ్, మమ్!"

అదీ అయింది. నీకెవరు గెలవాలి నాన్నా అని నీరజ నిన్ననే అడిగింది. "నన్నడుగుతావేంటి, నువ్వు చెప్పు" అన్నాడు. అని గోడవైపు తిరిగాడు.

"మనిషిని చూసి పార్టీ చెప్పలేమా నీరూ?" అన్నాడు ఆనందబాబు. "గుర్తు తెచ్చుకో."

గుర్తు తెచ్చుకుంది. పన్నులు కట్టే నెలొస్తే ఇల్లెగిరిపోయేలా తిట్టేవాడు. సర్కారు నా జేబులోంచి చెయ్యి తీస్తే చాలు, నా బతుకు నేను బతుకుతాననేవాడు. అంటే రిపబ్లికనే. కానీ అమ్మ మంచాన పడి, ఆపరేషన్‌కి ఇన్సూరెన్సువాళ్ళు అడ్డం తిరిగితే, వైద్యం సర్కారే చూడాలని అరిచాడు. అది డెమొక్రాట్ మాట. పక్కింటాయన గోడకి తుపాకీ తగిలించాడని చిన్నప్పుడు నీరజని ఆ గడప తొక్కనివ్వలేదు. డెమొక్రాట్. సరిహద్దు కంచె దూకి వచ్చేవాళ్ళ గురించి వార్తలొస్తే, "నేను వరసలో నిలబడి రాలేదూ?" అని మండిపడేవాడు. మళ్ళీ రిపబ్లికన్.

"కందిగింజ ఆనంద్, మా నాన్న. విడగొడితే రెండు బద్దలూ సమానమే."

"బొమ్మా బొరుసా వేద్దామా?" నవ్వించబోయాడు ఆనందబాబు.

బొమ్మా బొరుసు మీద తండ్రి ప్రాణం పెట్టలేకపోయింది నీరజ. జావ మళ్ళీ వేడిచేసి గదిలోకి తీసుకెళ్ళింది. ఆయన పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. కళ్ళు గుంటల్లోకి పోయాయి.

"మనవాళ్ళు..." గొంతు సగమే వచ్చింది. "గెలిచారా?"

నీరజలో ఏదో పుటుక్కున తెగింది. చెంచా గిన్నెలో పడేసింది.

"నాకు తెలీదు నాన్నా! నీవాళ్ళెవరో నాకు తెలీదు. నువ్వెప్పుడు చెప్పావు గనక? నాకైతే డెమొక్రాట్లు గెలవాలని ఉంది. నీకిష్టం లేకపోతే తిట్టు. గిన్నె విసిరికొట్టు. కానీ తిను. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క చెంచా తిను నాన్నా!"

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. కూతురి మొహంలోకి అదేపనిగా చూశాడు. నోరు తెరిచాడు.

ఒక చెంచా. ఇంకో చెంచా. గడ్డం మీద కారింది తనే తుడుచుకున్నాడు.

నీరజకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "అయితే నువ్వు డెమొక్రాటువే అన్నమాట!"

"కాదే పిచ్చిదానా. వేసిన ఓట్లన్నీ రిపబ్లికన్లకే వేశాను గానీ, నువ్వెటున్నావో చెబితే నేనూ అటే వచ్చి కూర్చుందామని కదే ఇన్నిసార్లు అడిగాను!"