ఆగమని చెప్పే జీను

“కరెంటు ఎక్కువ పెట్టిండ్రా సారూ? నిజం చెప్పుండ్రి!” శ్రీలత గొంతు దవాఖాన వరండా దాకా వినిపించింది.

మంచం మీద ఆమె కూతురు తేజస్విని. పన్నెండేళ్లు. మెడ మీది క్యాన్సరు గడ్డ కరగాలని కరెంటు, అంటే రేడియేషన్, పెడుతున్నారు. గడ్డ కరగలేదు గానీ చర్మం మాడిన జొన్నరొట్టెలా నల్లబడింది.

“కొలత తప్పలేదమ్మా, మూడుసార్లు చూసుకున్నాను.” డాక్టరు సంజీవ కాగితాలు బల్ల మీద పడేశాడు. “నాకే అంతుబట్టడం లేదు.”

“పిల్ల నడక తూలుతుంది, కండ్లల్ల ఎర్రజీరలున్నయని జీను పరీక్ష రాసింది మీరే గద! జీను బాగుందంటిరి!”

“బాగుందనే వచ్చింది. కరెంటు తగిలితే ఒంట్లో కణాల లోపలి డీఎన్ఏ పోగులు తెగుతాయి. ‘ఆగు, ముడేసుకుని నడువు’ అని చెప్పే జీను అది. అది చెడితే కరెంటు పెట్టనే కూడదు. రిపోర్టు చూసే కదా మొదలుపెట్టాను!”

తలుపు దగ్గర శ్రీలత తల్లి లక్ష్మీనర్సమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. మొగుళ్లపల్లిలో ఆమె నోటికి జడవనివారు లేరు. అలాంటిది పొద్దటి నుంచి ఒక్క మాట లేదు.

“నువ్వన్న అడుగవేందే అవ్వా? బస్సుల కండక్టరుతోని కొట్లాడుతవు, గిక్కడ నోరు పడిపోయిందా?”

“అమ్మమ్మనేమనకే,” సూదిపోట్లకు జల్లెడైన చేతులు దుప్పట్లో దాచుకుంటూ అంది తేజస్విని. “నా కష్టాలన్నీ అమ్మమ్మే పడ్తది.”

నిజమే మరి. మేడారంలో పిల్లకు ఎత్తు బంగారం, అంటే పిల్లంత బరువు బెల్లం, మొక్కితే తక్కెట్లో కూర్చున్నది ముసలమ్మే. ‘పిట్టంత పిల్ల, తల్లులకు గంత తక్కువ బెల్లమా?’ అంది. పిల్ల బదులు తల్లుల గద్దెల దాకా చెప్పుల్లేకుండా నడిచిందీ ఆమే. శ్రీలత పత్తి ఏరబోయిన నాడు, పిల్లను తోలుకుని భూపాలపల్లికి పోయి పరీక్షకు నెత్తురు ఇప్పించుకొచ్చిందీ ఆమే.

డాక్టరు నిట్టూర్చాడు. “ఆపితే గడ్డ పెరుగుతుంది. జీను బాగుంది కాబట్టి రేపటి నుంచి కొంచెం తగ్గించి పెడదాం.”

“ఆగుండ్రి!”

అందరూ తలుపు వైపు తిరిగారు. లక్ష్మీనర్సమ్మ గోడ పట్టుకుని లేచింది.

“ఆ దినం పరీక్షకు పిల్ల బదులు సూది నేనే పొడిపించుకున్న సారూ.”