ఆరని కట్టు

"మల్ల నడిసినవా?" కట్టు మీద చెయ్యి పెట్టగానే కంపౌండర్ వెంకటయ్య అడిగాడు. గుడ్డ తడిగా ఉంది.

"నా గొర్ల మీద ఒట్టు సారూ, మంచం దిగలే," అన్నాడు బీరప్ప.

గొర్లకాపరి గొర్ల మీద ఒట్టేస్తే నమ్మాల్సిందే. గుడ్డే నమ్మనివ్వడం లేదు. పిక్కల్లో నరాలు ఉబ్బితే పట్నం దవాఖానలో తొడ మొదట్లో కోసి బాగుచేశారు. ఇంటికొచ్చాక ఆ కోతలోంచి చీమూ కాదు, రక్తమూ కాదు, తేట నీరు కారడం మొదలైంది. లోపలి నీటి దారి తెగిందని, కాలు ఎత్తులో పెట్టి కదలకుండా పడుకుంటే అదే పూడుకుంటుందని వెంకటయ్య చెప్పాడు.

ఇప్పుడు ఆయనే తల గోక్కుంటున్నాడు. "పుండు సూస్తే మానినట్టే ఉన్నది. నీళ్లు మాత్రం ఆగుతలేవు."

"తెల్లారకముందే మంద కాడికి పోయొస్తున్నట్టుండు సారూ. మీరన్న జర భయం చెప్పుండ్రి," అంది భార్య జానమ్మ, కాచి చల్లార్చిన నీళ్ల చెంబు మంచం పక్కన పెడుతూ.

తమ్ముడు ఎల్లేశం గొంగడి భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఊళ్లో మేత అయిపోయింది. మంద ఇవాళే నల్లమలకు కదలాలి. వెళ్తే మళ్లీ తొలకరికే రాక. పెళ్లయిన నాటి నుంచి బీరప్ప ఒక్క వలసా తప్పలేదు. కూతురు పుట్టినప్పుడూ అడవిలోనే ఉన్నాడు. వచ్చి చూసేసరికి దానికి పళ్లొచ్చాయి.

"అన్న వస్తడా సారూ?"

"కట్టు పొడిగుంటేనే నడవాలె. గిట్ల తడి ఉండంగ పోతే కాలుకే మోసం."

బీరప్ప గోడ వైపు తిరిగాడు. "నేను లేంది ఆ పొట్టేలు ఎవని మాట వింటది? గీ నీళ్లే నన్ను ముంచినయి," అని కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి జానమ్మ కూడా కొంగు కళ్లకద్దుకుంది.

"ఫికర్ జెయ్యకు. అచ్చంపేట కాడ ఆగుతం. కట్టు ఆరినంక వచ్చి కలువు," అని ఎల్లేశం మంద తోలుకెళ్లాడు.

వెంకటయ్య కొత్త కట్టు కట్టి వెళ్లిపోయాడు. మంద గంటల చప్పుడు పొలిమేర దాటింది. బీరప్ప కళ్లు మూసుకున్నాడు.

జానమ్మ తలుపు దగ్గరకేసింది. పాపమని తెలుసు. ఈ ఒక్క ఏడైనా మొగుడు ఇంట్లో ఉండాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. చెంబులో నీళ్లు దోసిట్లోకి తీసుకుని పొడి కట్టు మీద మెల్లగా చిలకరించింది.

కళ్లు తెరవకుండానే బీరప్ప ఆమెకు అందేలా కాలు జరిపాడు.