ఏకగ్రీవం కాని ఊరు

ఓట్లు వేసే బడి గేటు ముందు నిలబడిన ముసలాయన్ని చూడగానే అరుణజ్యోతికి అనుమానం వచ్చింది.

ఊరి మనిషి కాదు.

“ఏమప్పా, యాడి నుంచి వచ్చినావు?”

“బద్వేలు అవతల నుంచి తల్లీ.”

“ఈడ ఓటుండాదా నీకు?”

“లేదు. మీరు ఓట్లేసేది చూద్దామని వచ్చినా.”

“చూసేదానికి ఇదేమన్నా తిరునాళ్లా? సేనోళ్లు పంపినారా నిన్ను?”

ఆయన వరుసలో నిలబడినవాళ్ల వైపు చూశాడు.

ఆమె సైగ చేయగానే మరిది ఆయన్ని రెక్క పట్టి గేటు ముందు నుంచి నెట్టేశాడు. ముసలాయన తూలాడు. నిలదొక్కుకొని, రోడ్డవతలికి పోయి నిలబడ్డాడు.

అరుణజ్యోతి భయం అరుణజ్యోతిది. ఆ ఊళ్లో సర్పంచి ఎన్నికంటే, సేన అని పేరు పెట్టుకున్న బాంబుల ముఠా చెప్పిన మనిషి ఏకగ్రీవం కావడమే. కాదన్నవాళ్ల ఇళ్ల మీద నాటుబాంబులు పడేవి. ఈసారి మగ్గం నేసే ఇంటి కోడలైన ఈమె నామినేషన్ వేసింది, ఎంత బెదిరించినా వెనక్కి తీసుకోలేదు. అందుకే ఇవాళ ఊరు మొదటిసారి వరుసలో నిలబడింది.

ఎండ ముదిరాక జీపు వచ్చింది.

సేన నాయకుడు క్రాంతి కుమార్ బాంబుల బకెట్‌తో దిగాడు. వెనక అతని మనుషులు. వరుస చెల్లాచెదురైంది. బందోబస్తుకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ కంబన్న చేతిలో లాఠీ తప్ప ఏమీ లేదు.

ముసలాయన రోడ్డు దాటి వచ్చి జీపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“బకెట్ కింద పెట్టు క్రాంతీ.”

“నువ్వు పక్కకు పో.”

“వేసేదైతే ముందు నా మీద వెయ్యి.”

క్రాంతి కుమార్ బాంబు పట్టుకొని చేయి ఎత్తాడు. ఎత్తిన చేయి అక్కడే ఆగింది. మెల్లగా దిగింది.

వెనకున్నవాళ్లు తలలు దించుకున్నారు.

ముసలాయన బాంబు అందుకొని బకెట్‌లో పెట్టి, బకెట్‌ను కంబన్నకు అప్పగించాడు. పారిపోబోయిన జీపును ఆడవాళ్లే చుట్టుముట్టారు. పోలీసు వ్యాన్ వచ్చేదాకా కదలనివ్వలేదు.

వరుస మళ్లీ కుదురుకుంది. ఈసారి వీధి చివరిదాకా సాగింది. మంచం దిగలేనివాళ్లను కూడా ఎత్తుకొచ్చి ఓటు వేయించారు.

సాయంత్రం లెక్కింపులో అరుణజ్యోతి గెలిచింది. తప్పెట్లు మోగాయి. మెడలో దండతోనే ఆమె ముసలాయన కోసం వెతికింది.

“బస్సెక్కి పోయినాడమ్మా,” అన్నాడు కంబన్న. “ఊరంతా ఓటేసినారా అని అడిగినాడు. వేసినారంటే శానా సంతోషపడినాడు.”

“నెట్టించినా సార్ ఆయప్పను. పేరన్నా అడగలేదు. ఎవరాయన?”

తప్పెట్ల మోతలో వినబడేలా కంబన్న దగ్గరికి వచ్చాడు.

“పోయిన వారమే జైలు నుంచి విడిచిపెట్టినారు తల్లీ, ఆ సేనను పెట్టినోడే ఆయప్ప.”