నాలుగో బాణీ మీద గుడ్లగూబ అభిప్రాయం

"మళ్లీ చదువు," అంది బ్లాజెంకా, పిండి అంటిన చేతులు గాల్లోనే ఉంచి.

భర్త ద్రాగుతిన్ చదవనన్నాడు. అయినా ఆ నాలుగు వాక్యాలూ అతనికి కంఠతా వచ్చేసినట్టున్నాయి. సూప్ గిన్నె వంకే చూస్తూ గడగడా అప్పజెప్పేశాడు. "నాలుగో బాణీలో ఎడమచేయి నిద్రపోతోంది. మధ్యలో ట్రామ్ గంట ఎందుకు మోగిందో దేవుడికే తెలియాలి. రెండో చరణంలో కష్టమైన ముక్క వాయించలేక కోసేశారు. ఈయన అకార్డియన్‌ను పెట్టెలో పెట్టేస్తే దానికీ విశ్రాంతి, మనకీ విశ్రాంతి."

రాసినవాడి పేరు గుడ్లగూబ. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు లెండి. ద్రాగుతిన్ జాగ్రెబ్‌లో ఇరవై ఆరేళ్లుగా ట్రామ్ నడుపుతున్నాడు. డ్యూటీ దిగాక వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచి, అకార్డియన్ వాయిస్తూ సొంత బాణీలు కడతాడు. అతనిలాంటి వాళ్లందరికీ ఇంటర్నెట్‌లో ఒక బృందం ఉంది. నెలకోసారి తొమ్మిది మంది తొమ్మిది బాణీలు పెడతారు, పేర్లు లేకుండా, అంకెలతో. ఒక్కొక్కరూ తొమ్మిదింటి మీదా అభిప్రాయం రాయాలి. రాసేవాళ్లకు ఆ నెలకొక పిట్ట పేరు ఇస్తారు. ముందొక మంచి మాట, తర్వాత ఒక సలహా, చివర మళ్లీ మంచి మాట, అదీ అక్కడి మర్యాద. ఆదివారం మధ్యాహ్నం అసలు పేర్లు బయటపెడతారు. ఈలోగా ఏ బాణీ ఎవరిదో పసిగట్టడం వాళ్లకు పెద్ద సరదా. పోయిన నెల ద్రాగుతిన్ బాణీని ఒక్క నిమిషంలో పట్టేశారు. ఆ ఉక్రోషం అతనికి ఇంకా తీరలేదు. ఈసారి ఎలాగైనా దొరక్కూడదని పంతం పట్టాడు.

ఈ నెల నాలుగో బాణీ అతనిదని ఎవరూ పట్టలేదు. పట్టడం మాట అటుంచి, గుడ్లగూబ వెనకాల వచ్చిన ఎనిమిది మందీ "గుడ్లగూబ గారు చెప్పిందే నాకూ అనిపించింది" అంటూ గంగిరెద్దుల్లా తలలూపారు. కాస్త మెత్తగా, మర్యాదగానే. ఆ మర్యాదే మనిషిని మరీ కుంగదీసింది. రెండు రోజులుగా ద్రాగుతిన్‌కు తిండి సయించడం లేదు. జున్ను కూరి ఉడికించిన ష్ట్రుక్లీ అంటే ప్రాణం పెట్టేవాడు, పళ్లెం ముట్టుకోలేదు. పైగా సామొబోర్‌లో ఎవరికో ఫోన్ చేసి అకార్డియన్ అమ్మేస్తానన్నాడు. ఆ మనిషి శనివారం వచ్చి పట్టుకుపోతాడట.

పెళ్లయిన నాటి నుంచి ఆ అకార్డియన్ వింటూనే బ్లాజెంకా బంగాళాదుంపలు చెక్కింది, బట్టలు మడతపెట్టింది, అలిగింది, నవ్వింది. అది లేని ఇల్లు తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

"ఆ గుడ్లగూబ మొహంగాడు ఎవడో తెలిస్తే కడిగి ఆరేస్తాను," అంది.

"వాడేం తప్పు రాశాడని? సంగీతం తెలిసినవాడే."

"ఆ కోసేసిన ముక్క సంగతి మనిద్దరికే తెలుసు కదా ద్రాగో. కడుపులో దూరి చూసినట్టు ఎలా రాశాడు వాడు?"

చెవులున్నవాడికి తెలుస్తుందన్నాడు ద్రాగుతిన్, ఉప్పు అందుకోబోయి మిరియాల డబ్బా పడేస్తూ. తిట్టించుకున్నవాడే తిట్టినవాణ్ణి వెనకేసుకురావడం చూసి బ్లాజెంకాకు ఒళ్లు మండింది. ఇంత మెతక మనిషిని కట్టుకున్నానేమిటా అనుకుంది.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్లగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. వినేవాళ్లు కూడా అక్కడ రాయొచ్చు. ఆమెకు పిచ్చుక అని పేరొచ్చింది. రెండు వేళ్లతో, గంటసేపు కొట్టి కొట్టి రాసింది.

"గుడ్లగూబా, మంచి మాట ముందు చెప్పాలన్న మర్యాద నీకు మీ ఇంట్లో నేర్పలేదా? ఆ గంట ఎందుకు మోగిందో నాకు తెలుసు. తెల్లారకముందే ఖాళీ ట్రామ్ ఎక్కిన మొదటి ముసలమ్మ కోసం మోగింది. నాకు సంగీతం రాదు. వింటే మాత్రం ఆమె కూర్చునే దాకా బండి కదలకూడదనిపించింది. మిగతా ఎనిమిది మందీ, మీ చెవులు మీ దగ్గరే ఉంటే ఇంకోసారి వినండి."

సాయంత్రానికి ఒక్కొక్కరే విన్నారు. ఒసియెక్ ఊరి నుంచి రాసే ఒకాయనకు గంట దగ్గర కళ్లు చెమర్చాయట. గుడ్లగూబ అంత ధీమాగా రాస్తే పెద్ద పండితుడనుకుని వంత పాడానని ఇంకొకరు లెంపలేసుకున్నారు. ఆ బాణీని తన పిల్లలకు నేర్పుతానంది స్ప్లిత్‌లో ఒక టీచరమ్మ. గుడ్లగూబ మాత్రం కిమ్మనలేదు.

ద్రాగుతిన్ అవన్నీ మూడేసి సార్లు చదివాడు. పిచ్చుక రాసింది ఏడుసార్లు చదివాడు. ఎవరో గానీ మహాతల్లి అన్నాడు. బ్లాజెంకా అటు తిరిగి పిండి పిసికింది. శనివారం సామొబోర్ నుంచి వచ్చినాయన కడుపునిండా ష్ట్రుక్లీ తిని, వట్టి చేతులతో తిరిగి వెళ్లాడు. ఆ రాత్రి కోసేసిన ముక్కను ద్రాగుతిన్ మళ్లీ మొదటి నుంచి సాధన చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం పేర్లు వచ్చాయి. బ్లాజెంకా చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ద్రాగుతిన్ గబుక్కున కంప్యూటర్ మూసేశాడు.

"పోనీలే బ్లాజెంకా. అయిందేదో అయిపోయింది. పాపం, వాడికీ ఏదో కారణం ఉండుంటుంది."

"పాపమా? నిన్ను బతికుండగానే పాతిపెట్టినవాడు పాపమా? చెయ్యి తియ్యి ముందు."

అతను తియ్యలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆమే ఆ చెయ్యి తోసేసి, తెరిచి, పిట్టల జాబితా మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసే దిగుతూ వచ్చింది.

గుడ్లగూబ పక్కన ద్రాగుతిన్ అని ఉంది.